మధ్య మోటారు సైకిలు: గుణదోష విచారణ

స్వంత బుద్ధితో విద్యుత్ సైకిలు నిర్మించిన యువకుని ఛాయాచిత్రము మన దినపత్రికలలో ఏటేట ఎక్కడో ఒకచోట కనబడుచునే యున్నది. ఆ వార్తలో సాధారణముగా మూడు సంగతులుండును: ఎంత ఖర్చయినది, ఒకసారి ఛార్జి చేసినచో ఎన్ని కిలోమీటర్లు పోవును, గంటకు ఎంత వేగము వచ్చును. చదివిన వారు సంతోషించి పుట త్రిప్పుదురు. సంతోషింపవలసినదే. స్వహస్తములతో ఒక యంత్రమును కూర్చి నడిపించుట చిన్న పని కాదు. కాని మెచ్చుకొనుట వేరు, పరీక్షించుట వేరు. కవిత్వమునకు విమర్శకులున్నట్లే యంత్రమునకును విమర్శకులుండవలెను. విమర్శ లేని చోట మంచి యంత్రమునకును, మాటల యంత్రమునకును భేదము తెలియదు.

ఈ మధ్య ఇట్టి నిర్మాతలలో ఒక అభిప్రాయము బలపడుచున్నది. మోటారును చక్రములో బిగించుట పాత పద్ధతి యనియు, పెడళ్ళ ఇరుసు వద్ద బిగించునదే ఉత్తమ పద్ధతి యనియు వారి మతము. మొదటి దానిని నాభి మోటారు అనియు, రెండవ దానిని మధ్య మోటారు అనియు ఈ వ్యాసములో పిలుతము. మధ్య మోటారు ఉత్తమమను మాటలో సత్యమెంత? ఏ షరతులకు లోబడి అది సత్యము? దీనిని విచారించుటయే మన ఉద్దేశము.

యంత్రము మంచిదా చెడ్డదా అని ఊరక అడుగుటలో అర్థము లేదు. ఏ పనికి మంచిది అని అడుగవలెను. కనుక మన పరీక్షకు నూజివీడు మామిడితోటనే తీసికొందము. ఎఱ్ఱనేల, అక్కడక్కడ మెఱకపల్లములు, తుమ్మముళ్ళు, బోదెలు. ఏప్రిలు నుండి జూను వరకు కాయకోత. వెనుక క్యారియరు మీద చెరియొక 20 కిలోల చొప్పున రెండు ట్రేల రసాలు. మనిషి 65 కిలోలు, మోటారు బ్యాటరీలతో కూడిన సైకిలు 25 కిలోలు, కాయలు 40 కిలోలు. వెరసి 130 కిలోలు. ఈ బరువును తోట నుండి తారు రోడ్డు వరకు చేర్పగలిగిన యంత్రమే మనకు యంత్రము.

రెండు సంప్రదాయములు

ఈ రెండు పద్ధతులలో ఏదియు క్రొత్తది కాదు. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అను నతడు 1895లో వెనుక చక్రపు నాభిలోనే మోటారు నమర్చిన సైకిలునకు పేటెంటు పొందెను. రెండేండ్లు గడచిన పిమ్మట, 1897లో, బోస్టను వాసియగు హోసియా లిబ్బీ పెడళ్ళ ఇరుసు వద్ద మోటారు నమర్చిన సైకిలునకు పేటెంటు పొందెను. అనగా నేటి వాదము 19వ శతాబ్దమునందే ఆరంభమైనది. అయినను మంచి బ్యాటరీలు లేనందున రెండును చిరకాలము కాగితముల మీదనే నిలిచిపోయినవి. 1993లో జపానులో యమహా సంస్థ తొక్కుడునకు తోడ్పడు సైకిలును విక్రయించిన తరువాతనే మధ్య మోటారు జనసామాన్యమునకు పరిచితమైనది. నేడు చైనాలోని బాఫాంగ్ మొదలగు సంస్థలు పలు సైకిళ్ళకు బిగించుకొను మధ్య మోటారు కిట్లను అమ్ముచున్నవి. మన యువకులలో పలువురు తెప్పించుకొనునవి ఇట్టివే.

స్కూటర్లలోను ఈ రెండు సంప్రదాయములు ప్రక్కప్రక్కనే వర్ధిల్లుచున్నవి. తెలుగువారు విరివిగా నివసించు హోసూరు పట్టణమునే చూడుడు. అక్కడ తయారగు టి.వి.యస్. ఐక్యూబ్ స్కూటరులో మోటారు వెనుక చక్రపు నాభిలో నున్నది. ఆ పట్టణమునందే తయారగు ఏథర్ 450 స్కూటరులో మోటారు బండి నడుమనుండి బెల్టు ద్వారా చక్రమును త్రిప్పును. రెండును రోడ్లపై నడచుచున్నవి, రెండును అమ్ముడుపోవుచున్నవి. ఒక పద్ధతి సర్వవిధముల ఉత్తమమైనచో రెండవది ఎన్నడో అంతరించి యుండెడిది. కనుక ఉత్తమత్వము పద్ధతిలో లేదు, దానిని ఉపయోగించు తీరులో ఉన్నది.

మధ్య మోటారు బలము ఎక్కడిది?

మోటారు ఇరుసును త్రిప్పు బలమును టార్కు అందురు. దీనిని న్యూటన్-మీటర్లలో కొలుతురు. మోటారు తీగలలో పారు విద్యుత్ ప్రవాహమును బట్టి ఈ టార్కు ఏర్పడును. టార్కు రెండింతలు కావలెనన్న ప్రవాహము రెండింతలు కావలెను. కాని తీగలలో పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమును అనుసరించి పెరుగునని జౌల్ నియమము. ప్రవాహము రెండింతలైనచో వేడిమి నాలుగింతలగును. ఈ వేడిమి చక్రమునకు చేరని శక్తి. బ్యాటరీ నుండి వెచ్చించి గాలిలో కలిపిన శక్తి.

అయితే చేయవలసిన పని తగ్గకుండగనే టార్కును తగ్గించు ఉపాయమొకటి కలదు. మోటారును వేగముగా తిరుగనిచ్చి, పళ్ళచక్రముల ద్వారా ఆ వేగమును తగ్గించుకొనవలెను. మోటారు వేగము రెండింతలైనచో అదే పనికి సగము టార్కు, సగము ప్రవాహము, నాలుగవ వంతు వేడిమి చాలును. పల్లెటి బావిపై గిలకలు తగిలించి బరువు లాగిన వారికి ఈ సూత్రము క్రొత్త కాదు.

ఇప్పుడు తోటలోనికి పోదము. నూరు మీటర్ల దూరమునకు అయిదు మీటర్లు ఎత్తగు మెఱకను 130 కిలోల బండి ఎక్కుచున్నదనుకొనుడు. ఎత్తు ఎక్కుటకు సుమారు 64 న్యూటన్లు, మెత్తని ఎఱ్ఱమట్టిలో చక్రము దొర్లుటకు సుమారు 38 న్యూటన్లు. మొత్తము 102 న్యూటన్ల బలము కావలెను. మోటారు 250 వాట్లు, మనిషి కాళ్ళు 75 వాట్లు ఇచ్చినచో బండి గంటకు పదకొండున్నర కిలోమీటర్ల వేగముతో ఎక్కును. అప్పుడు చక్రము నిమిషమునకు సుమారు 87 సార్లు తిరుగును. గేర్లు లేని నాభి మోటారు కూడ 87 సార్లే తిరుగును. మోటారునకు ఇది మిక్కిలి మందగతి. కావలసిన టార్కు నంతటిని అధిక ప్రవాహముతోనే సాధింపవలెను, కనుక వేడెక్కును. లోపల గేర్లు గల చిన్న నాభి మోటార్లు దీనికంటె మెఱుగు. వానిలో మోటారు చక్రముకంటె సుమారు అయిదు రెట్లు వేగముగా తిరుగును. కాని ఆ నిష్పత్తి మారదు. మెఱకకును పల్లమునకును అదియే గతి.

మధ్య మోటారు సంగతి వేరు. పెడలు ఇరుసు ఒకమారు తిరుగుటకు లోపలి మోటారు, కిట్టును బట్టి, ఇరువది మార్లకు పైగా తిరుగును. 22 మార్లని లెక్కింతము. ముందు పళ్ళచక్రమునకు 44 పళ్ళు, వెనుక 34 పళ్ళు ఉన్నచో, పై మెఱకలో పెడలు ఇరుసు నిమిషమునకు 67 సార్లు, లోపలి మోటారు దాదాపు 1,480 సార్లు తిరుగును. మోటారు హాయిగా పనిచేయు వేగమిది. తారు రోడ్డుమీదికి వచ్చిన తరువాత వెనుక చిన్న పళ్ళచక్రమునకు గేరు మార్చుకొనవచ్చును. బండి వేగము మారినను మోటారు వేగము మారనక్కరలేదు. మధ్య మోటారు యొక్క మహత్త్వమంతయు ఈ ఒక్క మాటలోనే యున్నది.

పేరుకు మాత్రమే మధ్య మోటారు

సరిగా ఇక్కడనే మన యువనిర్మాతలు చాలమంది పొరబడుచున్నారు. బలము మోటారు ఉన్న స్థానము వలన వచ్చినది కాదు. గేర్ల వలన వచ్చినది. మన పల్లెలలో కనబడు మామూలు సైకిలునకు గేర్లు ఎక్కడివి? ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళు, అంతే. అట్టి సైకిలునకు మధ్య మోటారు బిగించినచో, వెనుకటి మెఱకలోనే, అదే వేగముతో, పెడలు ఇరుసు నిమిషమునకు 36 సార్లు, లోపలి మోటారు సుమారు 780 సార్లు మాత్రమే తిరుగును. 34 పళ్ళ చక్రముతో పోల్చినచో వేగము ఇంచుమించు సగము. కనుక ప్రవాహము ఇంచుమించు రెండింతలు, తీగలలో వేడిమి మూడున్నర రెట్లు. గేర్లు లేని సైకిలునకు మధ్య మోటారు బిగించుట నిచ్చెనను కొని దాని మెట్లు తీసివేయుట వంటిది.

పాత మోటారు సైకిలును విద్యుత్ బండిగా మార్చువారి విషయములోను ఇదే దోషము కలదు. ఇంజను తీసివేసి ఆ స్థానముననే మోటారు బిగించితిమి గనుక మాది మధ్య మోటారు అని వారందురు. కాని మనదేశపు మోటారు సైకిళ్ళలో గేరుపెట్టె ఇంజనుతో ఏకముగా పోతపోయబడి యుండును. ఇంజనుతోపాటు గేరుపెట్టెయు పోవును. మిగులునది ముందొక పళ్ళచక్రము, వెనుకనొక పళ్ళచక్రము, నడుమ గొలుసు. ఒకే నిష్పత్తి. ఆ నిష్పత్తిని ఒకమారు తెలివిగా ఎన్నుకొనవచ్చుననుట నిజము. అది నాభి మోటారునకు లేని సౌకర్యమే. కాని దానిని గేర్ల బండితో సమానముగా చెప్పుట తగదు.

ప్రకటనలలోని అంకెలు

టార్కు విషయములో మరియొక భ్రాంతి కలదు. మధ్య మోటారు 120 న్యూటన్-మీటర్లనియు, నాభి మోటారు 40 మాత్రమే యనియు ప్రకటనలలో చూచి, మొదటిది మూడు రెట్లు బలమైనదని కొందరు తలంతురు. ఈ రెండు అంకెలు రెండు వేర్వేరు స్థానములలో కొలిచినవి. నాభి మోటారు అంకె చక్రము వద్దిది. మధ్య మోటారు అంకె పెడలు ఇరుసు వద్దిది. పెడలు ఇరుసు వద్ద 120 ఉన్నచో, 44 పళ్ళ నుండి 18 పళ్ళకు గొలుసు పోయినపుడు చక్రమునకు చేరునది 49 మాత్రమే. అదే 34 పళ్ళకు పోయినచో సుమారు 93 చేరును. పళ్ళ సంఖ్య చెప్పని టార్కు అంకెకు విలువ లేదు. కుంచమెంతదో చెప్పక పది కుంచముల ధాన్యమన్నట్లుండును.

ఇక "ఒక ఛార్జికి నూరు కిలోమీటర్లు" అను మాట. 36 వోల్టుల, 10 ఆంపియరు-గంటల బ్యాటరీలో నిలువయుండు శక్తి 360 వాట్-గంటలు. మోటారు, కంట్రోలరు, గొలుసు అన్నింటి నష్టములు పోగా నాలుగింట మూడువంతులు, అనగా 270 వాట్-గంటలు, చక్రమునకు చేరునని ఉదారముగా ఒప్పుకొందము. ఈ శక్తితో నూరు కిలోమీటర్లు పోవలెనన్న, దారి పొడుగున సగటున 9.7 న్యూటన్ల బలము మాత్రమే ప్రయోగింపగలము. కాని బరువు లేని సైకిలుపై 65 కిలోల మనిషి మంచి తారు రోడ్డుమీద గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవుటకు చక్రముల దొర్లుడునకు సుమారు 7 న్యూటన్లు, గాలిని చీల్చుకొనిపోవుటకు సుమారు 11 న్యూటన్లు, వెరసి 18 న్యూటన్లు కావలెను. అనగా నూరు కిలోమీటర్లలో సగముకంటె కొంచెము తక్కువ పని కాళ్ళు చేసి యుండవలెను. లేదా ప్రకటించిన దూరము సరియైనది కాకపోవలెను. మూడవ మార్గము లేదు.

మన తోటబాటలో 40 కిలోల కాయలతో, గంటకు 12 కిలోమీటర్ల వేగముతో పోయినచో, నేల సమతలముగా నున్నను 42 న్యూటన్లు కావలెను. అదే బ్యాటరీ, కాళ్ళ సహాయము లేనిచో, 23 కిలోమీటర్లకే ఖాళీ యగును. యంత్రము మారలేదు, బ్యాటరీ మారలేదు, నేల మారినది. కనుక నేలను, బరువును చెప్పక కిలోమీటర్లను మాత్రమే చెప్పు వార్త శాస్త్రవార్త కాదు.

ఈ బలమును కొలుచుట కష్టము కాదు. సైకిలునకు త్రాడు కట్టి, మధ్య ఒక స్ప్రింగు త్రాసు తగిలించి, బరువుతో సహా సమతలముపై నిదానముగా లాగినచో చాలును. 130 కిలోల బండికి తారు రోడ్డుపై త్రాసు సుమారు ఒక కిలో చూపును. మెత్తని తోటబాటలో నాలుగు కిలోలు చూపును. ఉన్నత పాఠశాల విద్యార్థులు సైతము ఒక పూటలో చేయదగిన ప్రయోగమిది. నిర్మాత మొదట కొనవలసినది మోటారు కాదు, ఈ త్రాసు.

తోటలో పరీక్ష

లెక్కలు ముగిసినవి. ఇక వాడుకలోని గుణదోషములు చూతము. మధ్య మోటారునకు నిజమైన గొప్ప గుణమొకటి కలదు. ప్రకటనలలో దానిని ఎవరును చెప్పరు. అది వెనుక చక్రమును ముట్టదు. తోటలలో తుమ్మముల్లు దిగని వారముండదు. నాభి మోటారు గల వెనుక చక్రమును ఊడదీయవలెనన్న తీగ విప్పవలెను, ఇరుసు తిరుగకుండ పట్టియుంచు బిళ్ళలు తీయవలెను, బరువైన చక్రమును మోయవలెను, మరల అన్నియు యథాస్థానమున బిగింపవలెను. బిళ్ళలు సరిగా కూర్చుండనిచో ఇరుసే తిరిగి తీగలు తెగును. మధ్య మోటారు సైకిలు వెనుక చక్రము మామూలు చక్రమే. ఏ ఊరి సైకిలు షాపులోనైనను పంక్చరు వేయుదురు, స్పోకు మార్చుదురు. కాయల ట్రేలు వెనుకనే యుండును గనుక మోటారు బరువు కూడ ఆ చక్రముపై పడకుండుట స్పోకులకు మేలు.

దీనికి ప్రతిగా దోషములు మూడు. మొదటిది గొలుసు. మన మెఱకలో 18 పళ్ళ సైకిలు గొలుసుపై సుమారు 100 కిలోల బరువు వ్రేలాడదీసినంత లాగుడు పడును. నిలబడి తొక్కు మనిషి కాళ్ళును అంత లాగుడు కలిగింపగలవు. కాని అది పెడలు చుట్టునకు రెండు క్షణములు మాత్రమే. మోటారు విరామము లేకుండ లాగును. ఎఱ్ఱదుమ్ము నూనెతో కలిసి సానరాయివలె గొలుసును అరుగదీయును. దీనిని కనిపెట్టుటకు మార్గము సులభము. క్రొత్త గొలుసులో 24 లంకెల పొడవు సరిగా 12 అంగుళములు. అది 12 అంగుళముల పైని అంగుళములో పదహారవ వంతు సాగినచో గొలుసు మార్చవలెను. ఆలస్యము చేసినచో పళ్ళచక్రములును చెడును.

రెండవది, మధ్య మోటారు బలమును తన కాళ్ళ బలమును ఒకే గొలుసు మోయును. తోట మధ్యలో గొలుసు తెగినచో మోటారును లేదు, తొక్కుడును లేదు. 40 కిలోల కాయలతో నడచి పోవలసినదే. నాభి మోటారు బండిలో గొలుసు తెగినను మోటారు ఇల్లు చేర్చును; మోటారు ఆగినను కాళ్ళు ఇల్లు చేర్చును. రెండు త్రోవలున్న వానికి ధైర్యమెక్కువ. మధ్య మోటారు కొనువారు సంచిలో రెండు లంకెలు, గొలుసు విప్పు పనిముట్టు ఉంచుకొనవలెను.

మూడవది ఎత్తు. మధ్య మోటారు పెడలు ఇరుసు క్రిందికి వ్రేలాడును. గట్లు దాటునపుడు, బోదెలలో దిగునపుడు రాళ్ళు తగులును. ఇనుపరేకు కవచమొకటి తప్పనిసరి. ఇదిగాక కొనుటకు ముందే ఒక కొలత చూడవలెను. ఇట్టి కిట్లు పెడలు ఇరుసు దూరు గొట్టము 68 మిల్లీమీటర్ల వెడల్పు గల చట్రమునకు సరిపడునట్లు చేసినవి. అన్ని పాత సైకిళ్ళ గొట్టములు ఈ కొలతకు, ఈ మరలకు సరిపడవు. కిట్టు వచ్చిన తరువాత గొట్టమును ఆకురాయితో అరుగదీయుట, వెల్డింగు చేయుట చట్రమును బలహీనపరచును. చట్రము విరుగుట బరువుతో పల్లమునకు దిగునపుడే జరుగును.

బ్యాటరీ: ఆదా చేయరాని చోటు

మోటారు గుణదోషములు ధనమునకు సంబంధించినవి. బ్యాటరీ గుణదోషములు ప్రాణమునకు సంబంధించినవి. 2022 ఏప్రిలులో విజయవాడలో ఇంటిలో ఛార్జి పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ ప్రేలి ఒకరు మరణించిరి. అదే నెలలో నిజామాబాదులో ఇట్టి ప్రమాదమే మరియొకరి ప్రాణము తీసినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమునుండి లేచిన మంట, పొగ పై అంతస్తుల హోటలునకు వ్యాపించి 8 మంది మరణించిరి. ఇవన్నియు కర్మాగారములలో తయారై అమ్ముడుపోయిన బండ్లకు సంబంధించినవి. వీని తరువాతనే కేంద్ర ప్రభుత్వము ఏ.ఐ.యస్. 156 అను ప్రమాణములో బ్యాటరీ పరీక్షలను కఠినతరము చేసి, 2022 డిసెంబరు నుండి అమలులో పెట్టినది. ఇంటిలో అతికిన బ్యాటరీకి ఈ పరీక్షలలో ఒక్కటియు జరుగదు.

"పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల ఘటములతో చవకగా తయారుచేసినాడు" అని వార్తలలో మెచ్చుకొందురు. ఈ మెప్పు ప్రమాదకరము. 36 వోల్టుల బ్యాటరీలో 10 లిథియమ్ ఘటములు వరుసగా ఉండును. అన్నింటి గుండ ఒకే ప్రవాహము పారును. వానిలో ఒకటి ముదిరి శక్తి తగ్గియున్నచో, మిగిలినవి ఇంకను సగముండగనే అది ఖాళీ యగును. ఆ పైన బలవంతముగా దాని నుండి శక్తి లాగబడును. ఛార్జి చేయునపుడు అదియే అందరికంటె ముందు నిండి, 4.2 వోల్టుల హద్దు దాటును. లోపలి రసాయనములు చెడి, వేడిమి పుట్టి, ఆ వేడిమి మరింత చర్యను ప్రేరేపించును. మంట తన ఇంధనమును తానే తెచ్చుకొన్నట్లగును. ప్రతి ఘటమును వేరువేరుగా కనిపెట్టు రక్షణ సాధనము, ఒకే తయారీ ఘటములు, టంకము కాక స్పాట్ వెల్డింగుతో అతుకులు, ప్రధాన తీగలో ఫ్యూజు, ఈ నాలుగును లేని బ్యాటరీని ఇంటిలో ఉంచరాదు. చేతనైన మేరకు తయారైన బ్యాటరీనే కొనుట మేలు. లిథియమ్ ఐరన్ ఫాస్ఫేటు జాతి ఘటములు కొంత బరువైనను, వేడిమికి ఎక్కువ ఓర్చును, ఎక్కువ సార్లు ఛార్జికి వచ్చును. తోటపనికి అవి తగినవి.

మామిడి సీమకు ప్రత్యేకమైన ఇబ్బంది యొకటి కలదు. లిథియమ్ ఘటములను సాధారణముగా 45 డిగ్రీలకు పైన ఛార్జి చేయరాదు. మనకు కాయకోత కాలమే ఎండలు మండు కాలము. మధ్యాహ్నము బరువు మోసి వచ్చిన బ్యాటరీ, రేకుల షెడ్డులో, బయటి గాలికంటె ఎక్కువ వేడిగా నుండును. వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టుట తగదు. చల్లారనిచ్చి, తెల్లవారుజామున, మనుష్యులు పడుకొను గదికి దూరముగా, గచ్చునేలపై, కంటికి ఎదురుగా ఛార్జి చేయవలెను. చెట్టుమీది కాయకు ఎండ మంచిదే. పెట్టెలోని బ్యాటరీకి కాదు.

చట్టమేమనుచున్నది?

కేంద్ర మోటారు వాహన నియమావళి ప్రకారము మోటారు యొక్క ముప్పది నిమిషముల సామర్థ్యము 250 వాట్లకు లోబడి, వేగము గంటకు 25 కిలోమీటర్లకు మించని సైకిలు మోటారు వాహనముగా పరిగణింపబడదు. రిజిస్ట్రేషను అక్కరలేదు. 500, 750 వాట్ల కిట్టు బిగించి రోడ్డెక్కినచో అది చట్టము దృష్టిలో మోటారు వాహనమే. రిజిస్ట్రేషను, భీమా, లైసెన్సు అన్నియు కావలెను. పాత మోటారు సైకిలును అనుమతి లేక మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము నిషేధించుచున్నది. ప్రమాదము జరిగిననాడు భీమా చెల్లకపోయినచో నష్టపోవునది నిర్మాత ఒక్కడే కాదు, అతని బండి తగిలిన బాటసారి కూడ. ఈ సంగతిని ఏ అభినందన వార్తయు చెప్పుట లేదు.

తీర్పు

ఈ విచారణ ఫలితమును సంగ్రహముగా చెప్పుదము. వెనుక 28 మొదలు 34 పళ్ళ వరకు గేర్లు గల సైకిలునకు మధ్య మోటారు ఉత్తమము. పంక్చరు సౌలభ్యమును తలచినచో తోటపనికి దానిని మించినది లేదు. గేర్లు లేని మామూలు సైకిలునకు మాత్రము దాని ఆధిక్యములో పెద్ద భాగము నశించును. గొలుసు అరుగుడు మిగులును.

అయినను మామూలు సైకిలు గలవారు నిరాశ చెందనక్కరలేదు. పెద్ద మోటారు కొనుటకు ముందు చిన్న మార్పు చేసి చూడవలెను. వెనుకటి 18 పళ్ళ ఫ్రీవీలును తీసి 22 పళ్ళ ఫ్రీవీలు వేయవలెను. నాలుగు పళ్ళు పెరిగిన మాత్రముననే అదే మెఱకలో మోటారు తీగల వేడిమి మూడవ వంతు తగ్గును. గొలుసు లాగుడును తగ్గును. వేగము పోవునా? గంటకు 25 కిలోమీటర్ల వద్ద పెడళ్ళు నిమిషమునకు 95 సార్లు తిరుగును. కాళ్ళకు అసాధ్యము కాదు. చట్టము ఎట్లును అంతకు మించి పోనీయదు. సైకిలు షాపులో దొరకు ఒక ఇనుపచక్రము చేయు మేలును, రెండింతల సామర్థ్యము గల మోటారుతో చట్టమును దాటి సాధింపవలసిన పనిలేదు.

పత్రికలవారికి, కళాశాలల ప్రదర్శనలలో బహుమతులిచ్చువారికి ఒక విన్నపము. విద్యుత్ సైకిలు నిర్మించిన యువకుని ఈ ఆరు ప్రశ్నలడుగుడు: మొత్తము బరువెంత? బ్యాటరీలో వాట్-గంటలెన్ని? ముందు వెనుక పళ్ళెన్ని? ఏ నేలమీద, ఎంత వేగముతో, ఎంత దూరము పోయినది? కాళ్ళు తోడ్పడినవా? మెఱక ఎక్కిన పిదప మోటారు ఎంత వేడెక్కినది? వీనికి సమాధానము చెప్పగలిగిన యువకుడు, అతని బండి మధ్యలో ఆగిపోయినను, ఇంజనీరే. అంకెలు తెలిసినవాడు బండి ఎందుకు ఆగినదో తెలిసికొని మరల నడిపించుకొనును. సమాధానము లేనివాని బండి నేడు నడచినను, అది ఎందుకు నడచుచున్నదో అతనికే తెలియదు.

మన మామిడి రైతు కాయను చూచి, వాసన చూచి, ముచిక వద్ద నొక్కి చూచి గాని ధర చెప్పడు. యంత్రము విషయములో మాత్రము ప్రకటన చూచి ధర చెల్లించుచున్నాడు. త్రాసును, పళ్ళ లెక్కను, వాట్-గంటల లెక్కను అతని చేతికి అందించుట విజ్ఞానము నేర్చినవారి విధి.